లీటరు బాబాయి లెక్క తప్పిన ఏడాది

కారు కొనాలనుకున్న మనిషి నోట మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే. లీటరుకి ఎంతిస్తుంది? రంగు తర్వాత, సీట్లు తర్వాత, ముందు ఆ సంగతి తేలాలి. తయారుచేసినవాడు ఒక అంకె చెప్తాడు. అమ్మేవాడు దానికి ఇంకో రెండు కలుపుతాడు. అప్పటికే కొనేసిన బావమరిది ఉంటాడు చూశారూ, వాడు తను మోసపోయానని ఒప్పుకోలేక ఇంకో మూడు కలుపుతాడు. ఈ ముగ్గురి మాటా నమ్మనివాళ్ళ కోసం ఒక వాహనాల పత్రిక ఉంది. అందులో పడే అంకె ఇరవై ఆరేళ్ళుగా ఒకే మనిషి కుడికాలి కింద నుంచి వస్తోంది.

అతన్ని ఆఫీసులో అందరూ లీటరు బాబాయి అంటారు. యాభై ఎనిమిదేళ్ళవాడు, సన్నటివాడు, కుర్చీలో కూర్చున్నా స్టీరింగు ముందు కూర్చున్నట్టే ఉంటాడు. ఇన్ని కార్లు నడిపినవాడికి సొంత కారు లేదు. ఏది కొందామన్నా దాని లోపం అందరికంటే ముందు తనకే తెలుసు. అంచేత ఆఫీసుకి బస్సులో వస్తాడు, బస్సులో పోతాడు.

ఆ పని పైకి చూస్తే పిల్లలాటలా ఉంటుంది. బంకులో ఒక మూల నేల మీద నాలుగు తెల్ల గీతలు వేయించాడు. కారు నాలుగు చక్రాలూ ఆ గీతల మీదే నిలబడాలి, లేకపోతే ట్యాంకు ఒక పక్కకి ఒరిగి పావు లీటరు తేడా వస్తుంది. బంకులో పనిచేసే అమ్మాయి నిండుగా పోస్తుంది. పంపు తనంతట తాను ఆగిపోయాక ఇతను కారుని రెండు చేతులా పట్టుకుని ఉయ్యాలలా ఊపుతాడు. లోపలున్న గాలి బుడగలు పైకొస్తాయి. మళ్ళీ కాస్త పోస్తుంది. మళ్ళీ ఊపుతాడు. పెట్రోలు మూతి దగ్గర తళతళమనే దాకా ఇదే తంతు. ఇక అక్కడి నుంచి వంద కిలోమీటర్లు. గోదాముల వెనక రోడ్డు, రైల్వే గేటు, బైపాస్, ఒక చిన్న గట్టు ఎక్కి దిగి, నీళ్ళ ట్యాంకు దగ్గర మలుపు తిరిగి, వచ్చిన దారినే వెనక్కి. కిటికీలు మూసి ఉంచాలి, ఏసీ ఉండకూడదు, రేడియో ఉండకూడదు. తిరిగొచ్చి అవే గీతల మీద నిలబెట్టి, అదే పంపుతో మళ్ళీ మూతి దాకా నింపితే ఎన్ని లీటర్లు పట్టాయో అన్నే తాగినట్టు లెక్క. వందని దానితో భాగిస్తే అంకె వచ్చేస్తుంది. అందులో బ్రహ్మవిద్యేమీ లేదు, ఉన్నదంతా కాలిలోనే ఉంది.

నిద్రపోతున్న పసివాడి వీపు మీద చెయ్యి వేసినట్టు వేస్తాడు పెడల్ మీద కాలు. గంటకి అరవై అంటే అరవై, ముల్లు అటూ ఇటూ కదలదు. వేరే డ్రైవర్లు ముల్లు చూసి కాలు సర్దుకుంటారు. ఇతనికి కాలే ముందు చెప్పేది, ముల్లు తర్వాత ఔనని తల ఊపేది.

చిన్న కుటుంబాలు కొనుక్కునే కారు కాబట్టి కుటుంబం బరువుతోనే పరీక్షించాలని పత్రిక నియమం. ప్రతి గురువారం నిజం కుటుంబాన్ని ఎక్కడి నుంచి తెస్తారు? అందుకని ఇసక బస్తాలు. ముందు సీట్లో పెద్దది, వెనక రెండు చిన్నవి. మలుపుల్లో ఒరిగిపోకుండా వాటికి బెల్టు కూడా పెట్టాలి. ఆఫీసు వెనక కార్ల షెడ్డులో వాటికి సంసారం అని పేరు.

"బాబాయ్, సంసారాన్ని ఎక్కించావా?" అని అడిగేవాడు కార్లు బాగుచేసే మేస్త్రీ, కింద పడుకుని బోల్టు బిగిస్తూ. "మాట్లాడని పెళ్ళాం, అల్లరి చెయ్యని పిల్లలు. రాజయోగం అంటే నీదే!"

"నీకూ ఒక బస్తా కట్టించమంటావా?" అనేవాడు ఇతను.

ఇద్దరికీ ఇరవై ఏళ్ళ స్నేహం. పన్నెండున్నర కాగానే షెడ్డులో ఎప్పుడో పాత వ్యానులోంచి పీకి పడేసిన పొడుగాటి సీటు మీద కూర్చుని డబ్బాలు విప్పేవాళ్ళు. మేస్త్రీ వసపిట్ట. ఎదిరింటి కుక్క దగ్గర్నుంచి దేశాధ్యక్షుల దాకా అందరి గురించీ వాగేవాడు. లీటరు బాబాయి వినేవాడు. రోజు మొత్తంలో అతను విన్న మనిషి మాట ఆ అరగంటదే అంటే అతిశయోక్తి కాదు.

ఎందుకంటే ఇంట్లో బస్తాలు కూడా లేవు. మూడున్నరేళ్ళ క్రితం కూతురి కాన్పుకి సాయంగా భార్య వేరే ఊరు వెళ్ళింది. మూడు నెలల్లో వచ్చేస్తానని పళ్ళ బ్రష్షు కూడా ఇక్కడే వదిలి వెళ్ళింది. తర్వాత పసివాడికి పళ్ళొచ్చాయి, జ్వరాలొచ్చాయి. కూతురు ఉద్యోగం మానలేదు, అల్లుడికి వంటింటి దారి తెలియదు. అంతలో రెండోవాడు. ఎవరి తప్పూ లేదు. ఎవరి తప్పూ లేకుండానే ఇల్లు ఖాళీ అయింది. రమ్మని ఇతను ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఆమె రాలేనని అనాల్సి వస్తుంది, ఆ మాట ఆమె నోట అనిపించడం దేనికని. ఆదివారం ఫోను వస్తుంది. పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు పిల్లలు ఫోను నాకడానికే సరిపోతాయి.

"తిన్నారా?" అంటుంది ఆమె.

"తిన్నాను," అంటాడు ఇతను. అంతే సంగతులు.

అలాంటి మనిషికి గురువారం ఎంత గొప్ప రోజో వేరే చెప్పాలా? ఆ వంద కిలోమీటర్లు ఒంటరిగానే నడిపినా, అది పని కోసం ఒంటరితనం. ఇంట్లోది ఉట్టి ఒంటరితనం. రెండిటికీ తేడా అనుభవించినవాడికే తెలుస్తుంది.

గొడవ మొదలైంది ఆఫీసు కారుతో. పత్రికవాళ్ళు ఒక చిన్న కారుని కొని, రెండేళ్ళ పాటు ప్రతి గురువారం అదే దారిలో నడిపి, పాతబడేకొద్దీ దాని మైలేజీ నిలుస్తుందా లేదా అని చూస్తున్నారు. మొదటి ఏడాది ఇరవై రెండు పాయింట్ ఆరు. ఎండైనా వానైనా అదే. ఆ తర్వాత జారడం మొదలైంది. ఒక్కసారిగా పడి ఉంటే అప్పుడే ఏదో ఒకటి తేలిపోయేది. అలా పడలేదు. ఇరవై రెండున్నర, ఇరవై రెండుంబావు, ఇరవై రెండు, ఇలా నెలనెలా గోరంత గోరంత తగ్గుతూ పదకొండు నెలలకి పందొమ్మిది పాయింట్ ఎనిమిదికి దిగింది.

మేస్త్రీ ముందు గాలి ఫిల్టరు మార్చాడు. తర్వాత ప్లగ్గులు. టైర్లలో గాలి పొద్దునా సాయంత్రం చూశాడు. కారుని పైకి లేపి ఒక్కొక్క చక్రాన్నీ చేత్తో గిర్రున తిప్పి బ్రేకు ఎక్కడైనా పట్టేస్తోందా అని చెవి ఒగ్గి విన్నాడు. పెట్రోలు గొట్టం పొడుగునా తెల్ల కాగితం చుట్టి, తడి తగులుతుందేమోనని రాత్రంతా ఉంచాడు. తెల్లారి కాగితం కాగితంలాగే ఉంది. కారు గుండ్రాయిలా ఉంది. అంకె మాత్రం జారుతోంది.

ఈ మాట తయారుచేసినవాళ్ళ దాకా పోయింది. మీరు కారుని సరిగ్గా చూసుకోవడం లేదు, మా కారులో లోపం లేదు అని వాళ్ళు ఉత్తరం రాశారు. సంపాదకుడు బాబాయి, మేస్త్రీ ఇద్దరికంటే వయసులో చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. లీటరు బాబాయిని గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు.

"బాబాయ్ గారూ, దారి మారలేదు. బంకు మారలేదు. నడిపేది ఎలాగూ మీరే. ఇక మిగిలింది రెండే. కారైనా చెడి ఉండాలి, లేదా మేస్త్రీ చెయ్యైనా దారి తప్పి ఉండాలి. మీకేమనిపిస్తోంది?"

ఇక్కడే జరిగింది పొరపాటు. సంపాదకుడూ మేస్త్రీ ఇతనూ ముగ్గురూ కలిసి చేసిన పొరపాటు. గీతలు మారలేదని, పంపు మారలేదని చెప్పుకుంటూ, ఆ వరసలోనే నడిపే మనిషిని కూడా మారనివాటిలో కలిపేశారు. ఇరవై ఆరేళ్ళుగా అతను గీతల్లాగే ఉన్నాడు మరి. తనే మారి ఉండొచ్చన్న ఊహ అతనికి కూడా రాలేదు.

"కారులో లోపం ఉన్నట్టు లేదండీ," అన్నాడు నిజాయితీగా. ఆ ఒక్క మాటతో మేస్త్రీ గొంతు కోశానని గది బయటికి వచ్చాక గాని తట్టలేదు.

వచ్చే నెల నుంచి కారుని బయటి గ్యారేజీకి పంపాలని సంపాదకుడు నిర్ణయించాడు. మధ్యాహ్నానికల్లా ఆ వార్త షెడ్డుకి చేరింది.

"కారులో లోపం లేదని నువ్వే అన్నావట?" అన్నాడు మేస్త్రీ. చేతిలో స్పానరు అలాగే ఉంది.

"లేదు కనుకే అన్నాను."

"అంటే నాలో ఉందనేగా?"

"నేనా మాట అనలేదు మేస్త్రీ."

"అనక్కర్లేదు బాబాయ్. ఇరవై ఏళ్ళు ఒకే సీటు మీద కూర్చుని తిన్నాం. పరాయివాడంటే పడతాను. నువ్వా?" స్పానరు పక్కన పడేశాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది యవ్వారం!"

కోపంలో నోటికొచ్చిన సామెత విసిరాడు గాని, అది వెళ్ళి సరిగ్గా ఎక్కడ తగలాలో అక్కడే తగిలిందని విసిరినవాడికీ తెలియదు, తగిలినవాడికీ తెలియదు. ఆ రోజు నుంచి మేస్త్రీ డబ్బా పట్టుకుని పక్కనున్న టైర్ల కొట్టు ముందు నిలబడి తినేవాడు. పొడుగు సీటు మీద లీటరు బాబాయి ఒక్కడే కూర్చుంటే అది ఒక పక్కకి ఒరిగేది. ఎనిమిది రోజులు అలాగే తిన్నాడు.

ఎనిమిదో రోజు సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడిచి వచ్చాడు. తాళం తీశాడు. లైటు వేశాడు. సంచీ బల్ల మీద పెట్టి, వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వెనక్కి తిరిగాడు. తెల్ల గచ్చు మీద, గుమ్మం నుంచి వంటింటి దాకా ఎర్రటి మరకలు.

ఇంట్లోకి ఎవరో వచ్చారనుకున్నాడు. చెప్పడానికి సిగ్గుచేటు గాని, భయం కంటే ముందు సంతోషం వేసింది. ఎవరో ఉన్నారు, ఈ ఇంట్లో తను కాక ఇంకో మనిషి ఉన్నారు అని ఒక్క క్షణం గుండె పొంగింది. ఎవరూ అని పిలిచాడు కూడా. తర్వాత మరకల వెంట చూపు పోనిచ్చాడు. అవన్నీ కుడికాలివే. వచ్చి వచ్చి తన కిందే ఆగాయి.

కుర్చీలో కూర్చుని కాలెత్తి చూసుకున్నాడు. చెప్పు లేదు. మడమలో సీసా పెంకు గుచ్చుకుని ఉంది. పట్టుకుని లాగాడు. నొప్పి వస్తుందని పళ్ళు బిగించాడు, రాలేదు. గుడ్డ చుట్టుకుని ఎడమకాలి చెప్పుతో కుంటుకుంటూ వచ్చిన దారినే వెతుక్కుంటూ పోయాడు. రెండు వీధుల అవతల, బట్టలు ఇస్త్రీ చేసే కొట్టు ముందు చెప్పు బోర్లా పడి ఉంది. రెండు వీధుల మేర కాలి కింద చెప్పు లేదని కాలికి తెలియలేదు. అదే, ఇంట్లో ఇంకొకరుంటే, అదేమిటి ఒక్క చెప్పుతో వచ్చారు అని గుమ్మంలోనే అడిగి ఉండేవాళ్ళు.

ఇంటికొచ్చి బకెట్టులో వేడినీళ్ళు పోసుకున్నాడు. ఎడమకాలు పెట్టగానే చురుక్కుమని బయటికి దూకింది. కుడికాలు పెట్టాడు. అది నిమ్మకు నీరెత్తినట్టు అలాగే కూర్చుంది. పొగలు కక్కే నీళ్ళలో దాన్ని చూస్తూ ఉంటే పదకొండు నెలల అంకెలు ఒక్కొక్కటే వరసలో వచ్చి నిలబడ్డాయి. కారు జారలేదు, మేస్త్రీ చెయ్యి జారలేదు. ఎక్కువ తొక్కుతున్నానో తక్కువ తొక్కుతున్నానో తెలియక, ముల్లు చూసి తొక్కి, ముల్లు చూసి వదిలి, లీటర్ల కొద్దీ పెట్రోలు తగలేసింది తనే.

మర్నాడు గురువారం. చెప్పెయ్యాలని అతనికి తెలుసు. చెప్తే మేస్త్రీ పేరు నిలుస్తుంది. కానీ చెప్పిన మరుక్షణం ఆ సీటు పోతుంది, సీటు పోతే గురువారం పోతుంది, గురువారం పోయాక వారంలో ఇంకేం మిగులుతుంది? ఇంకొక్క వారం చూద్దాం అనుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఎవరి కళ్ళలోకీ చూడకుండా సంసారానికి బెల్టులు పెట్టి, కట్టు కనపడకుండా బూటు వేసుకుని బయల్దేరాడు.

ఒక కన్ను ముల్లు మీద, ఒక కన్ను కాలి మీద. ఎన్నడూ లేనిది చొక్కా వెన్నుకి అంటుకుపోయింది. రైల్వే గేటు వేసి ఉంది. గేటు ముందు ఒకావిడ సైకిలు పట్టుకుని నిలబడి ఉంది, వెనక సీటు మీద కూరగాయల సంచీ. ఇతను బ్రేకు మీద కాలు వేశాడు. వేశాననే అనుకున్నాడు. కారు ఆగలేదు. కిందకి చూస్తే బూటు సగం బ్రేకు మీద, సగం గాల్లో ఉంది. రెండు చేతులతో మోకాలిని అదిమి తొక్కాడు. టైర్లు కీచుమన్నాయి. బంపరుకీ సైకిలు చక్రానికీ మధ్య జానెడు మిగిలింది.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. తిట్టలేదు. సైకిలుని పక్కకి జరుపుకుంది, అంతే. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి చాలా రోజులు అనిపించింది.

రైలు పోయింది, గేటు లేచింది, ఆవిడ వెళ్ళిపోయింది. ఇతను కారుని చేత్తో తోసుకుంటూ రోడ్డు పక్కకి పెట్టి, ఫోను తీశాడు.

"మేస్త్రీ, గేటు దగ్గరున్నాను. నువ్వొచ్చి కారు తీసుకెళ్ళాలి."

ఎనిమిది రోజుల తర్వాత మొదటి మాట. "ఏమైంది కారుకి?"

"కారుకేం కాలేదు."

మేస్త్రీ అరగంటలో ఆటో దిగాడు. విషయం విన్నాడు. నమ్మలేదు. లీటరు బాబాయిని రోడ్డు పక్కన రాయి మీద కూర్చోబెట్టి, తను కింద గొంతుక్కూర్చుని, బూటు విప్పి, కట్టు విప్పి, ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని బ్రేకు డ్రమ్ము చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. గోటితో గిచ్చాడు. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి అరికాల్లో మెల్లగా గుచ్చాడు.

"తెలుస్తోందా?"

"నువ్వు గుచ్చుతున్నావని కనపడుతోంది."

మేస్త్రీ తల పైకెత్తలేదు. చాలాసేపు ఆ పాదాన్ని అలాగే పట్టుకున్నాడు. "నేనన్న మాట మనసులో పెట్టుకోకు బాబాయ్," అన్నాడు.

"నువ్వన్నది నిజమేగా. పద, తేల్చేద్దాం. మళ్ళీ బంకు నుంచి మొదలుపెడదాం. నువ్వు నడుపు."

"నేనా? నేను నడిపితే లారీ కూడా నన్ను చూసి సిగ్గుపడుతుంది."

"ఫర్లేదు. ముందు సీట్లో బస్తా తీసెయ్. నేను కూర్చుంటాను."

గీతల మీద నిలబెట్టారు, ఊపారు, నింపారు. మేస్త్రీ నడపడం మొదలుపెట్టాడు. ఆ నడక చూడాలి! గేరు మార్చాల్సిన చోట మార్చడు, మార్చక్కర్లేని చోట రెండుసార్లు మారుస్తాడు. ఉక్కపోస్తోందని కిటికీ దింపేశాడు. గట్టు మూడో గేరులో అరిపించి ఎక్కించాడు. నోటికి మాత్రం ఖాళీ లేదు. ఎనిమిది రోజుల బాకీ అంతా కక్కేశాడు: ఎదిరింటి కుక్క ఈనిందట, ఐదు పిల్లలట, అందులో ఒకటి అచ్చం మన సంపాదకుడిలా ఉందట, ఎవరితో మాట్లాడినా ముందు తల పక్కకి వంచుతుందట. లీటరు బాబాయి పగలబడి నవ్వాడు. ఆ దారిలో ఇరవై ఆరేళ్ళలో అతను నవ్వడం అదే మొదలు. పక్క సీట్లోంచి చూస్తే దారి కూడా వేరేగా ఉంది. బైపాస్ పక్కన ఒక బడి ఉందని, దాని గోడ మీద పిల్లలు చేపల బొమ్మలు వేశారని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు. ముల్లు తప్ప ఏం చూశాడు గనక!

బంకుకి తిరిగొచ్చారు. అమ్మాయి పోస్తోంది, ఇద్దరూ పంపు మీద తిరిగే అంకెలు చూస్తున్నారు. నాలుగు దాటింది. నాలుగున్నర దగ్గర నిదానించింది. లీటరు బాబాయి నడిపితే ఈ మధ్య ఐదు దాటుతోంది. మేస్త్రీకి చదువు రాకపోయినా లెక్క వచ్చు. అతని మొహం పాలిపోయింది.

"బాబాయ్, ఇంకాస్త గట్టిగా ఊపుదాం. ఇంకో అర లీటరు పడుతుంది."

"పట్టదు. నిండింది."

"కింద పొర్లనీ! ఎవడు చూడొచ్చాడు? దారిలో ఏదో అడ్డం వచ్చిందని రాసుకో. కారుదే తప్పని ఇద్దరం చెప్దాం. నా సంగతి నేను చూసుకుంటాలే, నాకు ఎక్కడైనా పని దొరుకుతుంది." మేస్త్రీ అతని చెయ్యి పట్టుకున్నాడు. "నీకు ఈ సీటు తప్ప ఏముంది బాబాయ్?"

ఆ మాట ఇంతకాలం ఎవరూ పైకి అనలేదు.

"అంకె పాడైపోతుంది మేస్త్రీ," అన్నాడు. "ఆపమ్మా, చాలు."

నాలుగు పాయింట్ ఐదు ఎనిమిది. భాగిస్తే ఇరవై ఒకటి పాయింట్ ఎనిమిది. కిటికీ తీసి, కబుర్లు చెప్తూ, బండిని హింసపెట్టి నడిపిన మేస్త్రీకి ఇరవై ఒకటి పాయింట్ ఎనిమిది వచ్చింది. ప్రాణం పెట్టి నడిపిన తనకి పందొమ్మిది పాయింట్ ఎనిమిది. లీటరు బాబాయికి ఏడుపొచ్చింది. కారు బాగుందన్న సంతోషం కూడా ఆ ఏడుపులో ఉంది, అది అబద్ధం కాదు. రిజిస్టరు బానెట్టు మీద పెట్టి అంకె రాశాడు. నడిపినవారు అన్నచోట మేస్త్రీ అని రాశాడు. దాని కింద, గత పదకొండు నెలల అంకెలు కారువి కావు, నడిపినవాడివి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు అని రాసి సంతకం పెట్టాడు.

సంపాదకుడు చదివి, తల పక్కకి వంచాడు. ఇకపై ఆఫీసులోనే కూర్చుని, నడిపేవాళ్ళు తెచ్చే అంకెలు సరిచూడమని లీటరు బాబాయితో అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మేస్త్రీ ఉన్నచోటే ఉన్నాడు. కారు తాళాలు బల్ల మీద పెట్టి వస్తుంటే లీటరు బాబాయి చేతికి ఏదో తక్కువైనట్టు తోచింది.

ఆసుపత్రికి మేస్త్రీ లాక్కెళ్ళాడు. డాక్టరమ్మ రక్తం తీయించింది, షుగరు ఎప్పటి నుంచో ఉండి ఉంటుందంది. మడమకి కుట్లు వేసింది. తర్వాత కళ్ళు మూసుకోమంది. "కుడికాలికి సన్నటి దారం తగిలిస్తాను. తగిలినప్పుడల్లా ఊ అనండి."

అతను కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, వెయ్యి చెవులతో విన్నట్టు ఆ కాలి మాట కోసం కాచుకుని కూర్చున్నాడు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"ఎప్పుడు మొదలుపెడతారండీ?" అన్నాడు.

"అయిపోయిందండీ," అంది డాక్టరమ్మ. గొంతు మెత్తగా ఉంది. "ఎప్పటి నుంచి ఇలా ఉందో ఏమైనా గుర్తుందా? ఎవరూ చెప్పలేరనుకోండి."

అతను సంచీలోంచి రిజిస్టరు తీసి పేజీలు తిప్పాడు. పదకొండు నెలల క్రితం రెండో గురువారం మొదలైంది. ఏ నెలలో ఎంత పోయిందో వేలు పెట్టి చూపించాడు. డాక్టరమ్మ ఆ పేజీలు తిప్పితిప్పి చూసింది. రోగం ఇంత కచ్చితంగా రాసుకొచ్చిన మనిషిని తను చూడలేదంది. ఇంత రాసుకుని ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చారని మాత్రం అడిగింది. కారు పాడైందనుకున్నానని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

ఆదివారం ఫోను వచ్చింది. పిల్లల అరుపులు లేవు, నిద్రపోతున్నట్టున్నారు.

"తిన్నారా?"

"తిన్నాను," అన్నాడు. అక్కడితో ఆగాల్సినవాడు ఆగలేదు. "ఇక కారు నడపడం లేదు నేను."

చెప్పడం మొదలుపెట్టాక అంతా చెప్పేశాడు. చెప్పు సంగతి, గచ్చు మీద మరకల సంగతి, ఎవరో వచ్చారని సంతోషించిన సంగతి కూడా. ఆమె మధ్యలో ఊ కొట్టలేదు. లైను పోయిందేమోనని రెండుసార్లు హలో అన్నాడు.

"వింటున్నాను," అంది. తర్వాత, "పదకొండు నెలలంటే... నేనొచ్చి వెళ్ళి ఎనిమిది నెలలు కదూ?"

"ఎనిమిది."

అప్పుడు పది రోజులుంటానని వచ్చి నాలుగో రోజు పొద్దున్నే వెళ్ళిపోయింది ఆమె. పిల్లల మీద బెంగపెట్టుకుందని అతను సర్దిచెప్పుకున్నాడు.

"మూడో రోజు రాత్రి భోజనం చేస్తున్నాం," అంది ఆమె. "మీరు టైర్లలో గాలి గురించి చెప్తున్నారు. బల్ల కింద మీ కాలు మీద కాలేశాను. పెళ్ళైన కొత్తలో వేసేదాన్ని, గుర్తుందా? అలాగే వేశాను. చాలాసేపు ఉంచాను. మీరు తలెత్తి చూడలేదు. ఆ టైర్ల గొడవే చెప్పుకుంటూ పోయారు. ఇక ఈ మనిషికి నా అవసరం లేదులే అనుకుని తీసేశాను. పొద్దున్నే బట్టలు సర్దుకున్నాను."

ఆ రాత్రి ఏం మాట్లాడాడో గుర్తుంది. టైర్లలో ఎంత గాలి ఉండాలో ఆ అంకె కూడా గుర్తుంది. ఆమె కాలు మాత్రం ఎక్కడా లేదు. వెతికినా దొరకలేదు.

"ఏ కాలు?" అన్నాడు చివరికి.

"మీ కుడికాలే."

"ఎంతసేపు ఉంచావు?"

"నేను లెక్కపెట్టుకోలేదండీ," అంది. ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది.

ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాడు. రమ్మని ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగనివాడు, ఎలా అడగాలో తెలియనివాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఎడమకాలికి ఇంకా బాగానే తెలుస్తోందట," అన్నాడు. "డాక్టరమ్మ చూసి చెప్పింది."